డ్రాయింగు మాస్టారు, దామెర్ల బొమ్మలు

నేను చీరలకు డిజైన్లు గీస్తానని తెలిసిన మన బడి బ్యాచ్ వాళ్లు "నీకిది ఎక్కడ అబ్బిందే?" అని అడుగుతుంటారు. మా ఇంట్లో బొమ్మలు వేసినవాళ్లు ఎవరూ లేరు. నాకిది అబ్బింది రాజమండ్రిలో, గోదావరి గట్టు దగ్గరున్న, చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరిట వెలిసిన ఆర్ట్ గ్యాలరీలో. అక్కడికి తీసుకెళ్లింది మన డ్రాయింగు మాస్టారు.

డ్రాయింగు పీరియడ్ వారానికి ఒక్కటే ఉండేది. పరీక్షలు దగ్గరపడితే అదీ లెక్కలకో సైన్సుకో పోయేది. మాస్టారు ఎవరితోనూ పేచీ పెట్టుకునేవారు కాదు. బడి లేని పూట చూసి, "ఇష్టమున్నవాళ్లు గ్యాలరీ గేటు దగ్గరికి రండర్రా" అనేవారు. నలుగురైదుగురం వెళ్లేవాళ్లం. లోపలికి వెళ్లాక ఆయన పెట్టే షరతు ఒక్కటే: "ఒకసారి చుట్టి రండి. తర్వాత నచ్చిన బొమ్మ ఒక్కటి పట్టుకుని దాని ముందే నిలబడండి. కాళ్లు నొప్పి పుట్టాక మాట్లాడుకుందాం."

సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, నందిపూజ అని పేర్లు చదువుకుంటూ తిరిగాను. చివరికి ఒక నీటిరంగుల బొమ్మ దగ్గర ఆగాను. మొదట కథ వెతుక్కున్నాను. వీళ్లెవరు, ఏం చేస్తున్నారు అని. కథ అయిపోయినా ఇంకా అక్కడే నిలబడాలి కదా! అప్పుడు గీత కనిపించింది. భుజం దగ్గర మొదలై, ఎక్కడా తడబడకుండా కుచ్చెళ్ల దాకా జారిపోయిన గీత. మాస్టారు వెనక నుంచి వచ్చి, "ఆ చీరకి ఎన్ని రంగులు వేశాడో చెప్పు" అన్నారు. ఒకటే అన్నాను. "మడత దగ్గర చూడు" అన్నారు. చూస్తే, పల్చటి రంగు ఆరాక దాని మీద ఇంకో పల్చటి పూత, దాని మీద మరొకటి. పూతలు ఎక్కువ పడినచోట మడత, కాగితం తెలుపు తొంగిచూసేచోట వెలుగు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ ఒంట్లో ఉంది. ఇంటికి వెళ్లి అన్నం కూడా తినకుండా మా అమ్మ దండెం మీద ఆరేసిన చీర గీయడానికి కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద నడుస్తూ మాస్టారు రామారావు గారి గురించి చెప్పేవారు. 1897లో మన రాజమండ్రిలోనే పుట్టడం, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిని గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లేలా చేయడం, అక్కడ చదువుకుని మళ్లీ మన ఊరికే వచ్చి బొమ్మలు నేర్పడం. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లైనా నిండకుండా పోయారని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారిపోయేది. స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ తర్వాత చిత్రకళాశాలను నిలబెట్టారు. బొంబాయిలో అంత చదువు చదివి కూడా మన గోదావరిని, మన ఆడవాళ్ల నడకని గీశాడే అని మాస్టారికి మహా గర్వం. ఆ గర్వం నాకూ అంటుకుంది.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ అదే షరతు పాటించాను. గంట కొట్టే వేళకి జనమంతా గడియారం ముందు చేరతారు. బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొడుతుంటే పిల్లలు కేరింతలు కొడతారు. నాకూ ఇష్టమే. కానీ నేను ఎక్కువసేపు నిలబడేది బిద్రీ సామాను దగ్గర. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడిలో వెండి తీగ కూర్చి, బీదర్ కోటలోని పాత మట్టితో చేసిన ముద్ద పట్టిస్తారు. లోహం కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. ఒక హుక్కా బుడ్డి మీద తల వంచిన పువ్వుని అక్కడే కూర్చుని గీసుకున్నాను. తర్వాత అదే నల్ల ఉప్పాడ జాంధానీ చీర మీద వెండిజరీ బుటా అయింది.

ఆ బుటా కోసం గళ్ల కాగితం మీద నేను గీసిన గ్రాఫు చూసి ఉప్పాడలో మగ్గం దగ్గర పెద్దాయన, "పువ్వు బాగుందమ్మా, కాడే మరీ సన్నం. జరీ నిలబడదు" అన్నారు. ఆయన చెప్పినట్టే కాడని రెండు పోగులు లావు చేశాను. పడుగు దారాల మధ్య జరీని చేత్తో ఒక్కొక్క వరసా దూరుస్తూ ఆయన నేస్తుంటే, పువ్వు మొదలు నుంచి పైకి లేచి తల వంచడం కళ్లారా చూశాను.

మ్యూజియానికి వెళ్లిన ప్రతిసారీ డిజైన్ దొరకదు. చాలాసార్లు ఉత్త చేతులతోనే వస్తాను, మనసు మాత్రం తేలిగ్గా ఉంటుంది. ఇప్పటి పిల్లల్ని గదుల వెంట పరుగు పెట్టించి, ఫొటోలు తీసి బస్సెక్కిస్తుంటే బాధేస్తుంది. వాళ్లని ఒక్కచోట నిలబెట్టే మాస్టారు కావాలి.

అందుకే నాదొక మనవి. మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సభ ఎలాగూ సాయంత్రమే కదా. పొద్దున మన బడిలో ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని వెంటబెట్టుకుని గ్యాలరీకి వెళ్దాం. కాగితాలు, పెన్సిళ్లు నేను తెస్తాను. ఒక్కో బొమ్మ దగ్గర ఇద్దరు పిల్లలు, పక్కన మనలో ఒకరు ఉంటే చాలు. వచ్చేవాళ్లు బ్యాచ్ గ్రూపులో ముందుగా పేర్లు పెట్టండి. నీటిరంగుల బొమ్మల దగ్గర నేనుంటాను.