ఇష్టం లేకపోయినా ఎందుకు చేస్తాం?

"అథ కేన ప్రయుక్తోఽయం పాపం చరతి పూరుషః
అనిచ్ఛన్నపి వార్ష్ణేయ బలాదివ నియోజితః" (గీత 3.36)

కృష్ణా, తనకు ఇష్టం లేకపోయినా, ఎవరో వెనకనుంచి తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడు? ఇది అడిగినవాడు ధర్మం తెలియనివాడేం కాదు. తెలిసి కూడా ఆగలేకపోతున్నామే అన్నదే అర్జునుడి బాధ.

కోపం వచ్చే క్షణాన్ని ఒకసారి గమనించండి. ఫోన్‌లో ఎవరో ఒక మాట అంటూ మెసేజ్ పెట్టారు. పూర్తిగా చదవకముందే దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. వేళ్లు అప్పటికే జవాబు కొట్టేస్తుంటాయి. మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం ముప్పును పసిగట్టి ఒంటిని పోట్లాటకు సిద్ధం చేసేసింది, అడ్రినలిన్ రక్తంలో కలిసిపోయింది. ఆలోచన తీరిగ్గా వెనక వస్తుంది. వచ్చి ఊరుకుంటుందా? "నేను అన్నదాంట్లో తప్పేముంది" అని మన తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది.

కృష్ణుడు దీన్ని కాదనలేదు. అర్జునుడు ఇది అడగడానికి కాస్త ముందే, జ్ఞాని కూడా తన ప్రకృతిని బట్టే నడుచుకుంటాడు, "నిగ్రహః కిం కరిష్యతి", అంటే బలవంతంగా అణచిపెట్టి ఏం లాభం, అనేశాడు. సాక్షాత్తు భగవంతుడే అలా అంటే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. మరి సాధన దేనికి? ఆ వెంటనే వచ్చే శ్లోకం చూడాలి. ఇంద్రియాలకు రాగద్వేషాలు ఉండనే ఉంటాయి, వాటికి వశం కావద్దు అంటాడు. అవి అసలు పుట్టకూడదని మాత్రం అనలేదు. నాకు పెద్ద ఊరట అదే.

1983లో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించాడు. చెయ్యి కదపాలని మనిషికి అనిపించడానికి సెకనులో మూడో వంతు ముందే మెదడులో సన్నాహం మొదలైపోతోంది. అనిపించాక, చెయ్యి కదిలేలోపు ఇంకో 0.2 సెకను ఉంటుంది, వద్దనుకునే వీలు అక్కడే ఉందని ఆయన అభిప్రాయం. దీనిమీద వాదోపవాదాలు ఇంకా తెగలేదు. గీతకు సైన్సు సర్టిఫికెట్ ఇప్పించాలన్న సరదా నాకు లేదు కానీ, "వశం కావద్దు" అన్న మాటకు చోటు ఆ సందులోనే ఉందనిపిస్తుంది.

అంత చిన్న సందులో బుద్ధి ఒక్కటే ఏం చేయగలదు? అందుకేనేమో కృష్ణుడు కామక్రోధాలే శత్రువులని చెప్పాక "ఇంద్రియాణ్యాదౌ నియమ్య" అన్నాడు. ముందు ఇంద్రియాలు, అంటే పని ఒంటి దగ్గరే మొదలవ్వాలి. ఊపిరి నిదానంగా, దీర్ఘంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. అది మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నాడి చేసే పని, దానికి మన పాండిత్యంతో సంబంధం లేదు. పూజలో క్రమం కూడా చూడండి. ఆచమనం, ఆ తర్వాత ప్రాణాయామం. "నేను ఇది చేస్తున్నాను" అనే సంకల్పం చెప్పించేది అవి అయ్యాకే.