లిఫ్ట్ ఒక్కటే పెడితే సరిపోదు

మా ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) స్టేషన్‌కి లిఫ్ట్ వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో. మోకాళ్ల ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మ బ్రిడ్జి మెట్లు చూడగానే "నువ్వెళ్లు నాన్నా, నేను ఆటోలో వచ్చేస్తా" అనేది. ఇప్పటికీ అదే మాట అంటోంది! ఎందుకంటే ఆటో దిగాక లిఫ్ట్ దగ్గరికి చేరాలంటేనే నాలుగు మెట్లెక్కాలి, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు, రాత్రయితే లిఫ్ట్‌కి తాళం.

ర్యాంపు కట్టేస్తే పోలా అంటారు చాలామంది. కానీ అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా కడితే వీల్‌చైర్ తోసేవాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. కరెంటు తీగల వల్ల బ్రిడ్జిని పట్టాలకి 20 అడుగుల పైనే కట్టాలి కాబట్టి దానికి ర్యాంపంటే 200 అడుగులు దాటిపోతుంది, అక్కడ లిఫ్టే దిక్కు. రోడ్డు మీంచి ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం మీదికి అలా కాదు, ఆ ఎత్తు మా దగ్గర మహా అయితే రెండున్నర అడుగులు, ముప్ఫై అడుగుల ర్యాంపుతో పనైపోతుంది. ఇంత చిన్న పని ఎందుకు ఆగిందో నాకర్థం కాదు.

ఇదంతా దాటాక అసలు కష్టం రైలు తలుపు దగ్గర. మన హై లెవెల్ ప్లాట్‌ఫాం పట్టాల నుంచి 760-840 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే రెండున్నర, రెండుముప్పావు అడుగులు ఉంటుంది, పెట్టె నేల దాదాపు నాలుగడుగులు, అంటే ఇంకా అడుగుకి పైనే ఎక్కాలి. అమ్మ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలో కర్ర నాకిచ్చి, కాలు లేపేలోపే వెనకాలవాళ్లు తోసేస్తారు, రైలేమో నిమిషం కూడా ఆగదు. ముంబయి లోకల్ స్టేషన్లలో ప్లాట్‌ఫాంలు 900 మిల్లీమీటర్లకి పైగా ఎత్తు పెంచారు, మన మెట్రోలోనైతే పెట్టె, ప్లాట్‌ఫాం సమంగానే ఉంటాయి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే పాత భవనాల్ని కూడా, నియమాలు వచ్చిన ఐదేళ్లలో మార్చాలంది. నియమాలు 2017లో వచ్చాయి, గడువు 2022లోనే అయిపోయింది.

అందుకే స్టేషన్లు బాగుచేస్తున్న ఇంజినీర్లని నేనడిగేది ఒక్కటే: ప్లాన్ ఖాయం చేసేముందు కర్రతో నడిచే ఒకరినీ, వీల్‌చైర్‌లో ఉన్న ఒకరినీ వెంటబెట్టుకుని ఆటో స్టాండ్ నుంచి పెట్టెలో సీటు దాకా వెళ్లి చూడండి, వాళ్లు ఆగిపోయిన ప్రతిచోటా ముందు పని మొదలుపెట్టండి.