లాంచీ రేవులో ఇంగ్లీషు పాఠం

1986లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు మా ఇంగ్లీషు మాస్టారు ఆదివారాల్లో ఆరేడుగురిని వెంటబెట్టుకొని విజయపురి సౌత్ లాంచీ రేవుకు వెళ్లేవారు. నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ మీది మ్యూజియం చూడవచ్చిన శ్రీలంక, జపాన్ బౌద్ధ యాత్రికులు టికెట్లు తీసుకొని అక్కడ లాంచీ కోసం కూర్చుని ఉండేవారు. ఆరో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకొని, కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చడంలో ఆరితేరిన మాకు, ఆ భాషలో ఒక మనిషితో మాట్లాడవలసి వస్తుందన్న ఊహ అంతవరకూ లేదు.

మొదటి ఆదివారమే నా పరువు పోయింది. తెల్లచీర కట్టిన ఒక సింహళ పెద్దావిడ నన్నేదో అడిగారు. నేను నా పేరు, మా నాన్నగారి ఉద్యోగం, 1955లో నెహ్రూగారు నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన సంగతి ఏకబిగిన అప్పజెప్పాను. ఆమె అంతా ఓపికగా విని, చివరికి దోసిలి పట్టి నీళ్లు తాగుతున్నట్టు సైగ చేశారు. మా చెవులకు తగినంత పని పెట్టలేదని మాస్టారికి ఆనాడే తోచినట్టుంది. మర్నాటి నుంచి వారం పాటు "సారీ, ప్లీజ్ సే ఇట్ స్లోలీ" అన్న ఒక్క వాక్యాన్నే వల్లె వేయించారు. నా ఉద్యోగ జీవితంలో అంతగా అక్కరకు వచ్చిన వాక్యం మరొకటి లేదు.

మేము మాట్లాడుతున్నంతసేపూ ఆయన సోడాబండి దగ్గర నిలబడి, తనకేమీ పట్టనట్టు ఉండేవారు. మధ్యలో వచ్చి తప్పు దిద్దిన గుర్తు నాకు లేదు. సోమవారం మాత్రం ఆ తప్పులన్నీ పేర్లు లేకుండా నల్లబల్ల మీదికి ఎక్కేవి, ఎవరి తప్పు ఏదో తరగతి మొత్తానికి తెలిసినా.

యాత్రికులకు ఎక్కువగా అంతుపట్టని విషయం ఒకటుండేది: బౌద్ధ విహారాలను దీవి మీద ఎందుకు కట్టారు? ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కింది లోయలో ఉండేవని, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, జలాశయంలో మునిగిపోకుండా కొన్నిటిని కొండపైనా, ఒడ్డునున్న అనుపులోనూ మళ్లీ నిలబెట్టారని మాకు పెద్దల మాటల్లో తెలుసు గాని, ఆ కథ చెప్పడానికి ఇంగ్లీషు చాలేది కాదు. పరీక్షల్లో ఎప్పుడూ వెనకబడే మా స్నేహితుడొకడు ఒకనాడు ఒక జపాన్ యాత్రికుడికి "హిల్ ఈజ్ ఓల్డ్, ఐలాండ్ ఈజ్ న్యూ" అని నీటివైపు చేయి చూపించాడు. ఆయన వెంటనే తలూపారు. ఆ సోమవారం ఆ వాక్యం, ఆర్టికల్సు లేకుండానే, దిద్దుబాటుకు నోచుకోకుండా బల్ల మీద సాయంత్రం దాకా ఉండిపోయింది.

ఒక్క లోటు చెప్పక తప్పదు. ఆదివారం రేవుకు వెళ్లే అవకాశం దాదాపు మగపిల్లలకే దక్కింది. వ్యాకరణంలో మా అందరికంటే మిన్న అయిన సహాధ్యాయిని రెండుసార్లకు మించి రాలేకపోయింది.

అయితే శ్రీలంకకు మేము రాసిన ఏకైక ఉత్తరం ఆమె చేతిరాతే. చిరునామా ఇచ్చి వెళ్లిన యాత్రికుడు రెండు నెలలకు జవాబు రాశారు. అందులో రెండు స్పెల్లింగు తప్పులు పట్టుకొని, ఎర్రసిరాతో గీతలు గీసి, విజయగర్వంతో మాస్టారికి చూపించాము. ఆయన ఉత్తరం రెండుసార్లు చదువుకొని, ఆ గీతలతో సహా నోటీసు బోర్డులో పెట్టించారు. కవరు మీది స్టాంపు మాత్రం అప్పటికే ఎవరి పుస్తకంలోకో చేరిపోయింది.