జేఎల్ హిస్టరీ: నాలుగో క్రూసేడ్ దగ్గర విడిన ముడి

జేఎల్ (జూనియర్ లెక్చరర్) సెలక్షన్ లిస్టులో నంబరు చూసుకున్నప్పటి నుంచి జూనియర్ల ఫోన్లు ఆగడం లేదు. అందరూ అడిగేది వరల్డ్ హిస్టరీ గురించే. నేను ఒక్క చాప్టర్ గురించే చెబుతాను: క్రూసేడులు, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింల మీద మొదలుపెట్టిన మతయుద్ధాలు. దాన్ని చదివిన తీరే నాకు మిగతా సబ్జెక్టు చదవడం నేర్పింది.

"క్రూసేడుల నుంచి ఒకటో రెండో బిట్లు వస్తాయి, దానికి ఇన్ని రోజులా?" అని స్టడీ హాల్లో చాలామంది అన్నారు. 1095 క్లెర్మాంట్ సభలో పోప్ రెండో అర్బన్ పిలుపు, 1099 జెరూసలేం పట్టుకోవడం, 1187 హట్టిన్ యుద్ధంలో సలాదిన్ గెలుపు, 1291 ఏకర్ పతనం. ఇవి అందరికీ నోటికి వచ్చినవే. చిక్కంతా 'ఫలితాలు' దగ్గర. వర్తకం పెరిగింది, భూస్వామ్యం సడలింది అని వరసగా ఉంటాయి కానీ ఏది దేనివల్ల జరిగిందో ఉండదు. స్టేట్‌మెంట్ బిట్లలో మార్కులు పోయేది అక్కడే.

నాకు ఆ ముడి విడింది నాలుగో క్రూసేడ్‌తో. 1201లో ఫ్రెంచి ప్రభువుల దూతలు వెనిస్‌తో బేరం కుదుర్చుకున్నారు: 33,500 మందికి ఓడలు, తిండి, బదులుగా 85,000 వెండి మార్కులు. తీరా వచ్చింది అందులో మూడో వంతు మంది. బాకీ తీరలేదు. వెనిస్ పాలకుడు ఎన్రికో డాండొలో బాకీ వాయిదాకు బదులుగా జారా పట్టణం పట్టిమ్మన్నాడు. అది క్రైస్తవుల పట్టణమే. పోప్ మూడో ఇన్నోసెంట్ వద్దన్నా 1202లో పట్టుకున్నారు. తర్వాత బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం) యువరాజు ఒకడు తనను గద్దెనెక్కిస్తే 2,00,000 మార్కులిస్తానన్నాడు, గద్దెనెక్కాక అంతా ఇవ్వలేకపోయాడు. ఈజిప్టు మీదికని బయల్దేరిన సైన్యం 1204 ఏప్రిల్‌లో కాన్‌స్టాంటినోపుల్‌ను దోచింది. బైజాంటైన్లు 1261లో నగరాన్ని తిరిగి తెచ్చుకున్నారు, పూర్వపు బలాన్ని తెచ్చుకోలేకపోయారు. వెనిస్‌కు మాత్రం క్రీటు, రేవులు మిగిలాయి. వర్తకం పెరగడమంటే ఇదీ! ఆ గాయం ఎంతకాలం నిలిచిందో చూడండి: 2001లో ఏథెన్స్ వెళ్లిన పోప్ రెండో జాన్ పాల్ ఈ దోపిడీని తలచుకుని విచారం తెలిపారు.

ఇక్కడి నుంచి ఆటోమన్ టర్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్న 1453కి, అక్కడి నుంచి వాస్కోడగామా కాలికట్ చేరిన 1498కి గీత గీస్తూ పోయాను. "టర్కులు దారులు మూసేశారు, అందుకే వాస్కోడగామా వచ్చాడు" అన్న వాక్యాన్ని యథాతథంగా మింగకండి. 1453 తర్వాత కూడా వెనిస్ వాళ్లు అలెగ్జాండ్రియాలో అప్పుడు ఈజిప్టును ఏలుతున్న మామ్లూకుల రాజ్యం నుంచి మిరియాలు కొంటూనే ఉన్నారు; ఈజిప్టు ఆటోమన్ల చేతికి పోయింది 1517లో. పోర్చుగీసుల పంతం ఆ వెనిస్–ఈజిప్టు బేరాన్ని తప్పించుకోవాలనే. ఇంకొకటి. 1312లో పోప్ టెంప్లర్ల (క్రూసేడుల్లో జెరూసలేంలో పుట్టిన సైనిక సన్యాసుల) సంఘాన్ని రద్దు చేశాక, పోర్చుగల్‌లో వాళ్ల ఆస్తులతో 1319లో 'ఆర్డర్ ఆఫ్ క్రైస్ట్' ఏర్పడింది. పోర్చుగల్ రాకుమారుడు ప్రిన్స్ హెన్రీ దాని పెద్దగా ఉండే ఆ సముద్రయాత్రలు నడిపించాడు. పోర్చుగీసు తెరచాపల మీది శిలువ దానిదే. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలికట్ ఆధునిక భారత చరిత్రలో మొదటి పేజీ అనుకుంటాం, దాని వేరు పాలస్తీనాలో ఉంది!

మిగతా ప్రిపరేషన్ అందరిలాంటిదే: పాత పేపర్లు, మాక్ టెస్టులు, రివిజన్. మెటీరియల్ మార్చలేదు, ఫోన్ లాకర్లో పెట్టి కూర్చున్నాను. నేను ఎక్కువ సమయం పెట్టానన్న వాళ్లకు నా జవాబు ఇదే: ఆ ఒక్క చాప్టర్‌తో ఇటలీ నగరాలు, రినైజాన్సు, భౌగోళిక అన్వేషణలు సగం పూర్తయ్యాయి. రోజూ కూర్చోవాలి, కూర్చున్నచోట కారణం వెతకాలి. ఇది లేకుండా ఎన్ని బిట్లు చేసినా చేతిలో నిలవవు.

మీరు రిఫర్మేషన్ (చర్చి మీద తిరగబడ్డ మతసంస్కరణ ఉద్యమం) మొదలుపెట్టేటప్పుడు లూథర్ 1517 దగ్గర మొదలుపెట్టకండి. క్లెర్మాంట్‌లో, యుద్ధానికి వెళ్లేవారికి ప్రాయశ్చిత్తం నుంచి విముక్తి అని ఇచ్చిన హామీ దగ్గర మొదలుపెట్టండి. 1213లో ఇన్నోసెంట్, వెళ్లలేనివాళ్లు డబ్బు కట్టి మొక్కు తీర్చుకోవచ్చన్నాడు. అక్కడి నుంచి పాపపరిహార పత్రాల దాకా మీరే రాసుకుంటూ వెళ్లండి.