ఎవరి ముక్కర పోయింది?

ఆదివారం, రాత్రి పదిన్నర.

నిన్న పప్పు నానబెట్టడం మర్చిపోయాను. కాబట్టి ఇవాళ ఇడ్లీ లేదు, ఉప్మా. ప్లేటు చూడగానే మావాడు మొహం ముడిచాడు. ఆ విసుగులోనే నిన్న రాత్రి సగంలో ఆగిన గొడవ మళ్ళీ మొదలుపెట్టాడు.

నిన్న అమ్మ, నేను, వాడు కూర్చుని ఒక సిరీస్ చూశాం. అందులో కథానాయకుడు దొంగచాటుగా ఇసుక లారీలు తోలి డబ్బు సంపాదిస్తాడు, అడ్డొచ్చినవాణ్ణి కొడతాడు, ఇంటికొచ్చి పెళ్ళానికి అబద్ధాలు చెబుతాడు. మొదటి ఎపిసోడ్ నుంచీ అమ్మ వాణ్ణి తిట్టని నిమిషం లేదు. "వీని చేతులిరగ", "పాడుగాను" అంటూనే ఉంది. తీరా ఆఖర్లో వాడికి తూటా తగిలితే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంతసేపూ తిట్టావు కదా అమ్మమ్మా, ఇప్పుడు ఏడుస్తావేంటి?" అని మావాడు ఆటపట్టించాడు. "తిడితే సావాల్నా ఏంది?" అంది అమ్మ.

మావాడి వాదన ఒకటే. కథ ఎవడి చుట్టూ తిరిగితే వాడే హీరో, మంచోడా చెడ్డోడా అన్నది అనవసరం. సాక్ష్యాలు కూడా తెచ్చాడు. 2021లో వచ్చిన పుష్పలో ఎర్రచందనం స్మగ్లర్‌గా చేసినందుకే కదా అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, అంతకుముందు ఏ తెలుగు నటుడికీ రాలేదు కదా అన్నాడు. అవార్డు నటనకిచ్చారు, చెట్లు నరికినందుకు కాదు అన్నాను. అన్నానే గానీ మనసులో తెలుసు, నా పక్షం అంత గట్టిది కాదు. 1977లో దానవీరశూరకర్ణలో ఎన్టీఆర్ కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ తానే అయినప్పుడు, డ్యూయెట్ పెట్టింది దుర్యోధనుడికి. చిన్నప్పుడు మేము ఆ పాటకే ఈలలు వేశాం. మరి ఇప్పుడు ఏ మొహంతో వాదించను?

ఉప్మా గిన్నె సింకులో పడేసి బయటపడ్డాను. నెలకో ఆదివారం ఆబిడ్స్ వెళ్ళకపోతే నాకు తోచదు. మూసాపేటలో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి నడిచాను. దుకాణాలకు షట్టర్లు దించి ఉంటే, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా టార్పాలిన్లు పరిచి పుస్తకాలు. ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ గైడ్లు, చిరిగిన ఇంగ్లిష్ నవలలు, ఎవరి ఇల్లో ఖాళీ చేసినప్పుడు తూకానికి వచ్చిన పాత వారపత్రికలు. తెలుగు పుస్తకాలు ఎప్పుడూ అడుగునే ఉంటాయి, వంగి తవ్వుకోవాలి. ఈమధ్య వంగితే నడుము లేవడం లేదు, అది వేరే సంగతి.

గురజాడ నాటకం కన్యాశుల్కం దొరికింది. ఇంట్లో ఒకటి ఉంది, అయినా కొన్నాను. ఎందుకంటే ఇది ఎవరో పరీక్షకు చదువుకున్న కాపీ. ముందు అట్ట లేదు. లోపలి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో "గిరీశం నాయకుడా? ఇంపార్టెంట్" అని రాసి కింద రెండు గీతలు. గిరీశమంటే ఆ నాటకంలో మాటకారి మోసగాడు. దాని కింద మన లాక్షణికులు, అంటే కావ్యాలకు లక్షణాలు రాసిన పాతకాలం పండితులు, చెప్పిన నాలుగు రకాల నాయకుల్నీ వరుసగా వేసి, పక్కన తీర్పులు:

ధీరోదాత్తుడు - కాదు.
ధీరోద్ధతుడు - అంత ధైర్యం లేదు.
ధీరలలితుడు - ?
ధీరశాంతుడు - రామ రామ.

ఆ కింద ఇంకో చేతిరాత, నీలం ఇంకుతో: ధీరఋణస్థుడు.

నడిరోడ్డు మీద ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పుస్తకాలతను నా వైపు చూసి, నవ్వు చూశాక ధర పెంచాడనుకుంటాను, ఎనభై అన్నాడు. యాభైకి తెగింది.

తిరుగు మెట్రోలో సీటు దొరికింది. ఆ పెన్సిల్ పిల్లాడి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. పిల్లాడో పిల్లో. సంస్కృతంలో నాయకుడంటే తీసుకుపోయేవాడు. మనల్ని కథలోకి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాడు. ఆ లెక్కన గిరీశాన్ని మించిన నాయకుడు తెలుగులో లేడు. తెర లేవగానే ఒక్కడే నిలబడి తన అప్పులూ పాట్లూ మనకే చెప్పుకుంటాడు, మనం అక్కడే పడిపోతాం. కానీ మనవాళ్ళు నాయకుడు అన్న మాటకు మొదట్నుంచీ 'ధీర' అని ముందు తగిలించారు. నాలుగు రకాలకూ అదే. ఉద్ధతుడైనా సరే, ముందు ధీరుడు కావాలి. చిక్కంతా ఆ రెండక్షరాల దగ్గరే. హీరో అనే మాట వచ్చి ఈ రెండింటినీ కలిపి మూటకట్టేసింది, లాక్కుపోయేవాడూ ధీరుడూ ఒకడేనని.

పూటకూళ్ళమ్మ ఘట్టం తీసి చదివాను. సంతలో సామాను కొనిపెడతానని ఆ విధవరాలి దగ్గర 20 రూపాయలు తీసుకుని, అవి మధురవాణి అనే వేశ్య కోసం ఖర్చు పెట్టేశాడు గిరీశం. ఆమె చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికే వచ్చేస్తుంది. మంచం కింద అప్పటికే రామప్పపంతులు దాక్కుని ఉన్నాడు. గిరీశం కూడా అక్కడికే దూరతాడు. ఆమె కొట్టిన దెబ్బ గిరీశం తప్పించుకుంటే పోయి రామప్పపంతులుకు తగులుతుంది. ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది. కానీ ఇవాళ నవ్వుతుండగానే ఒకటి తట్టింది. ఆ 20 రూపాయలు ఏమయ్యాయి? పూటకు ఇంతని కూడు పెట్టి బతికే మనిషికి, 1890ల్లో, అది ఎన్ని నెలల సంపాదనో. దెబ్బ పంతులుకు తగిలింది, నవ్వు మనకు దక్కింది, డబ్బు మాత్రం ఆవిడదే పోయింది.

ఈ ఆలోచనలో మూసాపేట దాటిపోయింది. బాలానగర్‌లో దిగి వెనక్కి వచ్చాను.

ఆ వెనక్కొచ్చే రైల్లో, నిలబడి, నిగమశర్మ గుర్తొచ్చాడు. డిగ్రీలో పాఠం. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో మూడో ఆశ్వాసం. చదువుకున్న ఇంట పుట్టి చెడతిరుగుళ్ళు తిరిగేవాడు నిగమశర్మ. వాణ్ణి దారిలో పెట్టాలని వాళ్ళ అక్క అత్తారింటి నుంచి మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వస్తుంది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి తిండి పెట్టి, మెల్లగా బుద్ధి చెబుతుంది. వాడు బుద్ధిమంతుడిలా నాలుగు రోజులు ఇంటిపట్టునే ఉండి, ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకుని పారిపోతాడు. తెల్లారి చూసుకుంటే అక్క కొత్త ముక్కర కూడా లేదు. ఆమె ముక్కున వేలేసుకుని ఏడ్చిందంటాడు కవి. ఆశ్చర్యపోతే ముక్కున వేలేసుకుంటాం కదా. ఇక్కడ ఆ వేలు పడింది సరిగ్గా ముక్కర ఉండాల్సిన చోట. క్లాసులో మేమంతా ఒక్కసారిగా నవ్వాం. మేడం మాత్రం నవ్వలేదు, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

నిగమశర్మకు చివరికి మోక్షం వచ్చింది. క్షేత్రమహిమ. వాడిదే కథ, పేరు కూడా వాడిదే. అక్కకు పేరే లేదు. మొత్తం కావ్యంలో ఆమె నిగమశర్మ అక్క, అంతే. అయినా పాఠకులు పట్టుకున్నది ఆమెనే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆమె మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు.

ఇక మా మామ సంగతి. దీని గురించి రాయాలని ఇవాళ కూర్చోలేదు, కానీ పెన్ను అటే పోతోంది.

మామ అంటే అమ్మ తమ్ముడు. నేను ఏడో తరగతిలో ఉండగా జనగామ నుంచి మా ఇంటికి వచ్చి ఉన్నాడు, ఏడాది పైనే. నాకు చదవడం అలవాటు చేసింది ఆయనే. ప్రతినెలా చందమామ తెచ్చేవాడు, ముందు తను చదివి, బేతాళ కథ దగ్గర మూసేసి "జవాబు చెప్పు, అప్పుడిస్త" అనేవాడు. సైకిల్ నేర్పించాడు, వెనక పట్టుకున్నానని చెబుతూ ఎప్పుడో వదిలేసి. నాకు అప్పట్లో లోకంలో ఉన్న ఒకే ఒక్క హీరో ఆయన. ఒక వేసవిలో ఊళ్ళో బోరు వేయిస్తానని వెళ్ళాడు, రాలేదు. భివండి పోయాడని తర్వాత తెలిసింది. నాలుగేళ్ళకు తిరిగొచ్చాడు, చేతిలో సంచీ నిండా బత్తాయిలతో. ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ బత్తాయిలు వొలిచింది.

బోరు కోసమని అమ్మ రెండు తులాల గొలుసు ఇచ్చిందని, అది కుదువలో మునిగిపోయిందని నాకు తెలిసింది పదిహేనేళ్ళ తర్వాత, నా పెళ్ళి నగల లెక్కలు చూస్తున్నప్పుడు. అంతకుముందు పెళ్ళిళ్ళకు వెళ్తే అమ్మ ఎప్పుడూ కొంగు మెడ చుట్టూ తిప్పి కప్పుకునేది. మే నెలలో కూడా. చలి మనిషి అనుకునేదాన్ని. పసుపుతాడు ఒక్కటే కనిపిస్తుందని అలా కప్పుకునేదని అప్పుడు వెలిగింది.

మామ పోయి ఆరేళ్ళయింది. ఈ మాటలు ఆయనకు చెప్పే అవకాశం లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

సాయంత్రం ఛాయ్ దగ్గర మావాడితో అన్నాను. తప్పులున్నవాడు హీరో కాడని నేననను, కాకపోతే ఒక్కటి చూడు, వాడి తప్పుకు ముక్కర ఎవరిది పోయింది? వాడిదే పోతే వాడు హీరో. పక్కవాళ్ళది పోతే ఉత్త కథానాయకుడు. గిరీశం ఈ పరీక్షలో తప్పుతాడు. మధురవాణి నెగ్గుతుంది. ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధానులు మీద ఖూనీ కేసు పడితే, మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి నిజం చెప్పింది ఆవిడే. వేశ్య ముఖం చూడనని పట్టుబట్టిన మనిషి ముందు నిలబడి చెప్పింది. ఎదురుడబ్బులేం తీసుకోలేదు. నన్నడిగితే ఆ నాటకానికి హీరో ఆవిడే.

చాలా బాగా చెప్పాననుకున్నాను. మావాడు బిస్కెట్ ఛాయ్‌లో ముంచుతూ, "మరి రాముడు?" అన్నాడు.

"రాముడేంటి?"

"ధీరోదాత్తుడు అంటారుగా. చాకలివాడి మాట విని సీతని అడవికి పంపాడు. ముక్కర ఎవరిది పోయింది?"

బిస్కెట్ విరిగి కప్పులో పడింది. స్పూన్‌తో తీసుకుంటూ కూర్చున్నాడు. రాముడు కూడా లోపల కుమిలిపోయాడు, బంగారు సీతను పెట్టుకున్నాడు, అని ఏదో అన్నాను. కుమిలిపోతే చాలా అమ్మా, అన్నాడు. అంటే గిరీశం కాసేపు ఏడ్చి ఉంటే హీరో అయిపోయేవాడా? ఈ కాలం పిల్లలతో వాదనకు దిగేముందు కడుపునిండా తిని దిగాలి. ఛాయ్ సరిపోదు.

అమ్మ అక్కడే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఏం వినిపించిందో ఏమో, "ఎవల ముక్కర?" అంది.

నిగమశర్మ కథ చెప్పాను. మెల్లగా, పద్యాలు లేకుండా. అక్క అత్తారింటి నుంచి రావడం, తమ్ముణ్ణి కూర్చోబెట్టి తినిపించడం, బతిమాలడం, ఆ రాత్రి మూట, తెల్లారి ముక్కు మీద వేలు. చెబుతున్నంతసేపూ అమ్మ మొహం చూశాను, గొలుసు గుర్తొస్తుందేమోనని. నిజం చెప్పాలంటే రావాలనే చెప్పాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆవిడ నోట మామను ఒక మాట అనిపించాలని ఉంది నాకు. చిక్కుడుకాయ ఒక్కటి కూడా ఆగలేదు. చిటుక్కున విరవడం, ఈనె లాగడం, గిన్నెలో వేయడం.

"ఇగ దొరకలేదా ముక్కర?" అంది.

"లేదమ్మా."

"వాడు?"

"చాలా తిరిగి, దొంగల చేతిలో దెబ్బలు తిని, ఇంకా ఏవేవో చేసి, చివరికి పండరిపురం చేరి చచ్చిపోయాడు. మోక్షం వచ్చింది."

"మంచిగైంది."

ఏది మంచిగైంది, దెబ్బలా మోక్షమా అని అడగబోయాను. అంతలో తనే, ఈనెలు కొంగులోంచి దులుపుకుంటూ, "పారిపోయిన రాత్రి తిన్నడా వాడు?" అంది.

పుస్తకంలో ఏముందో నాకు సరిగ్గా గుర్తులేదు. తిన్నాడనే చెప్పాను.