తగ్గిన బరువు మళ్లీ పెరుగుతుంటే డాక్టర్‌కి ముఖం చాటేయకండి

బరువు తగ్గే సర్జరీ గురించి ఎవరు మాట్లాడినా మొదటి ఏడాదిన్నర గురించే మాట్లాడతారు. ముందు ఫోటో, తర్వాత ఫోటో, అక్కడితో కథ కంచికి. ఆ రెండో ఫోటో తర్వాత ఐదేళ్లకో ఎనిమిదేళ్లకో మనిషి ఎలా ఉన్నారో ఎవరూ చెప్పరు, ఎందుకంటే అప్పటికి చాలామందికి పోయిన బరువులో ఎంతోకొంత తిరిగొచ్చి ఉంటుంది, దాన్ని నలుగురికీ చూపించడానికి మనసొప్పదు. నాకూ వచ్చింది. పొట్టలో ఎక్కువ భాగం తీసేసే స్లీవ్ అనే సర్జరీ చేయించుకున్నాక కొన్నేళ్లు నిలకడగా ఉన్న బరువు, ఆ తర్వాత నాకే అనుమానం రానంత నెమ్మదిగా పెరుగుతూ పోయింది.

ఇది అలాంటివాళ్ల కోసమే రాస్తున్నాను. ముఖ్యంగా, పెరుగుతోందని తెలిసి కూడా సర్జరీ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ముఖం చెల్లక ఆగిపోయినవాళ్ల కోసం. బరువు పెరగడం కంటే ఆ ఆగిపోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఉంది. సర్జరీ చేయించుకున్నవాళ్లు, చేయించుకోనివాళ్లు కలిపి నాలుగు వేల మందికి పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలిపే సర్జరీ) చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గారు, పదేళ్లు గడిచేసరికి అది 25 శాతం దగ్గర నిలబడింది. అంటే 100 కిలోల మనిషి 68కి దిగి, తర్వాత 75 దగ్గర ఆగాడన్నమాట. మనం ఆ వెనక్కి వచ్చిన ఏడు కిలోలనే చూసుకుని కుమిలిపోతాం, ఇంకా రాకుండా ఉన్న పాతిక కిలోలు మన లెక్కలోకే రావు. అదే అధ్యయనంలో సర్జరీ చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయని కూడా తేలింది, అదీ కొంత బరువు తిరిగొచ్చాక కూడా. కాబట్టి "అంతా వృథా అయిపోయింది" అనే మాట నిజం కాదు.

ఎందుకు పెరుగుతుంది అంటే ఒక్క కారణం ఉండదు. స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం అందులోనే పోతుంది. అందుకే కొత్తలో ఆకలే తెలియదు, తినమని ఎవరో గుర్తు చేయాల్సొస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందికి ఆకలి మళ్లీ మొదలవుతుంది. బైపాస్ అయినవాళ్లకి తీపి తింటే ఒళ్లు చెమటలు పట్టి, గుండె దడదడలాడే డంపింగ్ ఇబ్బంది ఉంటుంది కదా, అదీ కొందరిలో తగ్గిపోతుంది, దాంతో ఉన్న ఒక్క అడ్డూ పోతుంది. దీనికి తోడు తగ్గిన ఒళ్లు కేలరీలు తక్కువ ఖర్చు చేస్తుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో సర్జరీ లేకుండా భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, విశ్రాంతిలో వాళ్ల శరీరం ఖర్చు చేసే కేలరీలు ఉండాల్సినదానికంటే రోజుకి 500 దాకా తక్కువ ఉన్నాయని 2016లో రాశారు. ఇందులో మన చేతకానితనం ఎక్కడుంది చెప్పండి? బీపీ మాత్ర వేసుకుంటున్నా కొన్నేళ్లకి బీపీ మళ్లీ పెరిగితే డాక్టర్ మందు మారుస్తారు, అంతేగానీ నీకు పట్టుదల లేదని ఎవరూ అనరు.

కానీ మనల్ని అంటారు. "ఇంత ఖర్చు పెట్టి కోయించుకుని మళ్లీ పెంచుకున్నావా" అని ముఖం మీదే అనేవాళ్లుంటారు. వాళ్లకి గ్రెలిన్ గురించి క్లాసు చెప్పాల్సిన పని లేదు. "ట్రీట్‌మెంట్ నడుస్తోందండీ" అనేసి పక్కకి తప్పుకోవచ్చు. ఇంట్లో మాత్రం ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చెప్పండి, చాటుగా మోయడం చాలా కష్టం.

నేను వెళ్లినప్పుడు ఏం జరిగిందో చెప్తాను. పొట్ట సాగిపోయిందేమో, ఇక చేసేదేం లేదేమో అని లోపల ఒకటే టెన్షన్. డాక్టర్ ముందు నా మందుల చీటీలన్నీ చూశారు, ఎందుకంటే స్టెరాయిడ్లు, ఇన్సులిన్, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు వాటంతటవే బరువు పెంచుతాయి. తర్వాత థైరాయిడ్, షుగర్, బి12, ఐరన్, విటమిన్ డి రక్తపరీక్షలు, ఆపైన ఎండోస్కోపీ. పొట్ట బాగానే ఉందని తేలింది. నెలల తరబడి నేను పడ్డ భయానికి జవాబు ఒక్క పరీక్షలో దొరికింది.

అసలు సంగతి డైటీషియన్ దగ్గర బయటపడింది. ఏం తిన్నారో కాదు, ఎన్ని గంటలకి తిన్నారో రాయండి అన్నారు. ఒక కాగితం మీద టైములు మాత్రమే రాసుకుంటూ పోయాను. పొద్దున, మధ్యాహ్నం చక్కగా దూరం దూరంగా ఉన్నాయి. సాయంత్రం నాలుగు దాటాక పావుగంటకో అరగంటకో ఒక గీత, రాత్రి పడుకునేదాకా అదే వరస. ఒక బిస్కెట్, రెండు చిప్స్, ఒక చెంచా ఐస్‌క్రీమ్, ఏదీ భోజనం కాదు, దేనికీ కడుపు నిండదు. సర్జరీ అయిన పొట్టలో గట్టి ప్రొటీన్ కాసేపు నిలబడి కడుపు నిండిందని చెప్తుంది, మెత్తటివీ కరకరలాడేవీ మాత్రం జారిపోతాయి, ఎన్ని తిన్నా అడ్డు చెప్పేది ఉండదు. చిన్న పొట్టతోనే రోజంతా చాలా తినేయొచ్చన్నమాట. ఆమె నోరు కట్టుకోమని చెప్పలేదు. మధ్యాహ్నం భోజనంలో ప్రొటీన్ పెంచి, నాలుగింటికి ఒక సరైన చిన్న భోజనం పెట్టారు. సాయంత్రం ఆరాటం సగం అక్కడే తగ్గింది. మామూలుగా రోజుకి 60 గ్రాములకి తగ్గకుండా ప్రొటీన్ తీసుకోమంటారు, మీకెంతో మీ డైటీషియన్‌నే అడగండి.

ఐదు రోజులు ద్రవాలే తాగితే సాగిన పొట్ట మళ్లీ చిన్నదవుతుందని ప్రచారం చేసేవాటి జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. పొట్ట అలా కుదించుకుపోదు. ఉన్న కండ కరుగుతుంది, ఆరో రోజు ఆకలి రెట్టింపై వస్తుంది. కండ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నడక ఒక్కటే చాలదు, వారానికి రెండు మూడు రోజులైనా బరువులెత్తే వ్యాయామం కావాలి. మద్యం గురించి కూడా ఒక్క మాట. సర్జరీ తర్వాత అది త్వరగా ఎక్కుతుంది, కొందరికి కొత్తగా అలవాటుగా మారుతుంది, అలా అయితే ఆ సంగతి కూడా డాక్టర్‌తో దాచకుండా మాట్లాడాలి.

ఇప్పుడు మందులూ ఉన్నాయి. లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లని సర్జరీ తర్వాత బరువు తిరిగొచ్చినవాళ్లకి కూడా డాక్టర్లు వాడుతున్నారు. సర్జరీ చేయించుకున్నాక మందు కూడానా అని చిన్నతనంగా అనిపిస్తే, ఆ భావాన్ని పక్కన పెట్టేయండి. కాకపోతే రెండు విషయాలు తెలిసి ఉండాలి. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లలో ఏడాదిలో, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని పరిశోధనలో తేలింది, అంటే ఇది కొన్నాళ్లు వాడి మానేసే మందు కాదు. రెండోది, మనం తినేదే తక్కువ, ఈ మందుతో వికారం వచ్చి అదీ మానేస్తే ప్రొటీన్, విటమిన్లు పడిపోతాయి. సొంతంగా కొనుక్కుని పొడుచుకునే వ్యవహారం కాదిది. రెండో సర్జరీ కూడా ఒక దారి, ముఖ్యంగా స్లీవ్ తర్వాత గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్లకి దాన్ని బైపాస్‌గా మారుస్తారు. మొదటిదానికంటే రిస్క్ ఎక్కువ కాబట్టి తొందరపడి ఒప్పుకోవద్దు. బైపాస్ అయినవాళ్లకి పౌచ్ (సర్జరీలో చేసిన ఆ చిన్న పొట్ట సంచి) బయటి ద్వారం వెడల్పయితే ఎండోస్కోపీతోనే కుట్లు వేసి బిగించే పద్ధతి ఉంది.

బాగా తగ్గినప్పటి ప్యాంటు బీరువాలో కళ్లెదురుగా వేలాడదీసి ఉంచుకోవడం నాకు నచ్చదు. ఇప్పటి ఒంటికి సరిపోయే బట్టలు కొనుక్కోండి. వారానికి ఒక్కసారి బరువు చూసుకుని రాసుకుంటే చాలు.

ఫాలో-అప్ మానేసి ఎన్నేళ్లయినా పర్వాలేదు. ఫోన్ చేసి "ఫలానా సంవత్సరం సర్జరీ అయింది, బరువు పెరుగుతోంది, ఒకసారి చూపించుకోవాలి" అంటే చాలు, సంజాయిషీలు అక్కర్లేదు. పాత రిపోర్టులు దొరికితే తీసుకెళ్లండి, వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. వెళ్లిన చోట మాట వినకుండా తిట్టి పంపిస్తే ఇంకో డాక్టర్ని వెతుక్కోండి, బేరియాట్రిక్ (బరువు తగ్గే సర్జరీ) పేషెంట్లని చూసే ఫిజీషియన్ అయినా సరే. బరువు సంగతి ఎలా ఉన్నా విటమిన్లు, ఏడాదికోసారి రక్తపరీక్షలు జీవితాంతం ఉండాల్సినవే. వాంతులు ఆగకపోయినా, తిన్నది దిగకపోయినా, కాళ్లు తిమ్మిర్లెక్కి నడక తేడాగా అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు, ఆ రోజే వెళ్లిపోండి.