ఆషాఢంలో చెప్పిన రేటు

ఆషాఢంలో బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కి వెళ్తే పూలవాళ్లు పిలిచి మరీ ఇస్తారు. పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, పూలు మాత్రం తోటల్లో ఆగవు కదా. చామంతి కిలో నలభైకి వచ్చింది, బంతి ఇరవైకి. సరిగ్గా ఆ వారమే నాకు మొదటి పెళ్లి పూల డెకరేషన్ ఆర్డర్ వచ్చింది. మార్కెట్ రేట్లు వేళ్ల మీద ఉన్నాయి కాబట్టి అక్కడికక్కడే లెక్క కట్టి లక్షా నలభై వేలని చెప్పేశాను. అన్నీ కలిపి. "అన్నీ కలిపి" అన్న ఆ రెండు ముక్కలు ఎంత పని చేశాయో తర్వాత తెలిసింది.

మాది మదనపల్లె. పదకొండేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్లో ఆయుధ పూజకి గేటు అలంకరించడంతో మొదలైన పని ఇది. ఆ తర్వాత బారసాలలు, సత్యనారాయణ వ్రతాలు, ఓణీల ఫంక్షన్లు. వాటిలోనే చేయి తిరిగింది. ఒక బారసాలకి ఓయాసిస్ ఇటుకని, అదే పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజిని, తొందరలో చేత్తో నీళ్లలోకి అదిమేశాను. పైన తడిగా కనిపించింది. గంటన్నరకి మధ్యలో గుచ్చిన గులాబీలన్నీ తలలు వాల్చేశాయి. కోసి చూస్తే లోపల పొడిగా, పిండిలా ఉంది. ఆ ఇటుకని నీళ్ల మీద పెట్టి వదిలేయాలి. దాని బరువుకి అదే మునగాలి. మనం అదిమితే లోపలి గాలి బయటికి రాదు, అక్కడికి నీళ్లూ చేరవు. ఒక్కో ఇటుక దాదాపు రెండు లీటర్లు తాగుతుంది. అది ప్లాస్టిక్ జాతిదే, మట్టిలో కలవదు. అందుకని ఇప్పుడు వీలున్నచోట కోళ్లగూటి జాలీని ఉండగా చుట్టి వాడుతున్నాను.

పెళ్లి శ్రావణంలో, గురువారం. యలహంక దాటాక ఒక చౌల్ట్రీ, అదే పెళ్లి హాలు. నాలుగు స్తంభాల మండపం, వెనక పదహారడుగుల బ్యాక్‌డ్రాప్, గేటు దగ్గర ఆర్చ్, రెండు జతల దండలు, పూలజడ, గౌరీపూజకి విడిపూలు. ముహూర్తం చూసుకున్నాను, చౌల్ట్రీ కొలతలు తీసుకున్నాను, పనివాళ్లని మాట్లాడుకున్నాను. ఆ మరుసటి రోజు శుక్రవారం ఏమిటో మాత్రం చూసుకోలేదు. క్యాలెండర్ వంటింటి గోడకే వేలాడుతోంది.

బుధవారం తెల్లవారుజామున మూడున్నరకి మార్కెట్లో దిగాను. కింద నేలంతా తడి, తొక్కిన పూల రొచ్చు. గోనెసంచులు విప్పి చామంతులు కుప్పలు పోస్తున్నారు. రోజూ చూసే మార్కెట్టే, ఆ రోజు మాత్రం కాలు పెట్టే చోటు లేదు. నేను ఎప్పుడూ కొనే అక్క ఆనేకల్ వైపు మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. చామంతి కిలో నూట అరవై అంది. నేను నవ్వాను, బేరం అనుకుని, అరవైకి ఇమ్మన్నాను. ఆమె నవ్వలేదు.

"ఏం చెల్లీ, ఎల్లుండి వరమహాలక్ష్మి పండగ పెట్టుకొని ఈ పొద్దు వచ్చి అరవైకి ఇమ్మంటే యాడ్నించి తెచ్చేది? పోయిన వారం చెప్పింటే రైతుకి అడ్వాన్స్ ఇచ్చి పెట్టుంటాను కదా."

కర్ణాటకలో వరలక్ష్మీ వ్రతం ఏ స్థాయిలో చేస్తారో పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ప్రతి ఇంట్లో కలశానికి చీర కట్టి, అమ్మవారి ముఖం పెట్టి, పూలతో నింపేస్తారు. మా పక్కింటివాళ్లకి నేనే రెండేళ్లు దండలు కట్టిచ్చాను కూడా. ఊరంతా ఒకే మూడు రోజుల్లో పూలు కొంటుంది. పైగా వానాకాలం, తడిసిన పువ్వు సగం సంచిలోనే కుళ్లిపోతుంది. కనకాంబరం కిలో ఆషాఢంలో నేను రాసుకున్నదానికి మూడు రెట్లు దాటింది. మల్లె గురించి నేను అడగలేదు.

బండి పక్కన నిలబడి ఫోన్లో లెక్క వేశాను. రాసిచ్చినట్టే చేస్తే చేతి నుంచి యాభై వేల దాకా పోతాయి. పువ్వు తగ్గించి, ఎవరికీ చెప్పకుండా దూరం దూరంగా కట్టేస్తే తెలియదని నాతో వచ్చిన కుర్రాడు సలహా ఇచ్చాడు. అలా చేసేవాళ్లు ఉన్నారు. కానీ పెళ్లి ఇంట్లో మండపం దగ్గరికి వచ్చి స్తంభాన్ని పట్టి చూసే పెద్దమ్మ ఒకావిడ తప్పకుండా ఉంటుంది. ఐదున్నర దాకా ఆగి పెళ్లికూతురి అమ్మగారికి ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రేటు నా పొరపాటు, అదనంగా అడగను, కానీ బ్యాక్‌డ్రాప్‌లో పూలు తగ్గించి లేత కొబ్బరాకుల అల్లిక పెడతాను, బాగుంటుంది, ఫోటో పంపిస్తాను అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మండపానికి ఏదో ఒకటి చేయమ్మా, నీ ఇష్టం. పిల్ల జడలో మాత్రం కనకాంబరం తగ్గించొద్దు. మా అత్తగారు లెక్కపెడతారు."

కొబ్బరాకుల అల్లిక తెలిసిన తమిళ పెద్దాయన ఒకరు మార్కెట్ బయటే దొరికారు. లేత మట్టని నిలువునా చీల్చి, చిలకలు, గంటలు, చాప నేత, అన్నీ కత్తి కూడా పెద్దగా వాడకుండా చేశారు. మధ్యాహ్నానికి పదహారడుగులూ నిండాయి. నిజం చెప్పాలంటే నేను ముందు గీసిన డిజైన్ కంటే అదే బాగుంది.

ఇక అంతా సర్దుకుంది అనుకుంటుండగా కార్నేషన్లు. తెల్లవి పది కట్టలు మంగళవారమే తెచ్చి, కాడలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, బకెట్లలో పెట్టాను. బుధవారం రాత్రి చౌల్ట్రీ స్టోర్ రూమ్‌లో ఏసీ వేసి తలుపు మూసి ఇంటికెళ్లాం. గురువారం తెల్లారి తలుపు తీయగానే అరటిపండు వాసన. వంటవాళ్లు రాత్రి ఎప్పుడో వచ్చి విందుకి తెచ్చిన పండిన గెలలు చల్లగా ఉంటుందని అదే గదిలో పేర్చి వెళ్లారు. కార్నేషన్ల రేకులు సగానికి పైగా లోపలికి ముడుచుకుని, నిద్రపోతున్న కళ్లలా ఉన్నాయి. పండే అరటి ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. పండుని పండించే ఆ వాయువే పువ్వుని వాడగొడుతుంది, కార్నేషన్‌కి అది అస్సలు పడదు. మళ్లీ నీళ్లు పెట్టినా విచ్చుకోవు. ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలుసు, గది తాళం మాత్రం నా దగ్గర పెట్టుకోలేదు. బాగున్న పూలు ముందు వరసకి, మిగతా చోట తెల్ల చామంతి. జీలకర్ర బెల్లం సమయానికి ఎవరికీ తేడా కనిపించలేదు. వెళ్లేటప్పుడు పెళ్లికూతురి అమ్మగారు పిలిచి తాంబూలం ఇచ్చారు. అందులో రెండు అరటిపండ్లు.

మొత్తం ఖర్చు లక్షా యాభై రెండు వేలు తేలింది. పన్నెండు వేలు నష్టం, నా కూలి కాక.

ఆ తర్వాత కొటేషన్ రాసే తీరు మార్చేశాను. ఇప్పుడు పువ్వు పేరు రాయను. రంగు, కొలత, నిండుదనం రాస్తాను, "ఆ వారం దొరికే పువ్వుతో" అని ఒక లైను చేరుస్తాను. జడ, దండలు మాత్రం పేరు పెట్టి విడిగా. వాటికి మనసులు ముడిపడి ఉంటాయి, అక్కడ మార్పు కుదరదు. సంక్రాంతి, ఉగాది, వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, దసరా, దీపావళి, వీటికి ముందు మూడు రోజుల్లో వచ్చే ముహూర్తమైతే రేటు వేరు. ఆ మాట మొదటి ఫోన్లోనే చెప్పేస్తాను. కొంతమంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు, పెట్టేయనీ. పన్ను దగ్గర ఇంకో వాదన వస్తుంది. "పూలకి జీఎస్టీ ఏంటండీ?" అంటారు. పువ్వుని పువ్వుగా అమ్మితే లేదు, దాన్ని స్తంభానికి కట్టి డెకరేషన్ అని బిల్లు వేస్తే 18 శాతం. ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. నాకు ఆఫీసు ఫంక్షన్ల వాళ్లు బిల్లు అడగడంతో ముందే చేయించాల్సి వచ్చింది.

గులాబీలు, జెర్బెరాలు పెద్ద మొత్తంలో కావాలంటే హెబ్బాళ పూల వేలం ఉంది. అక్కడ ధర పై నుంచి కిందికి దిగుతూ వస్తుంది, ఎవరు ముందు ఆపితే సరుకు వాళ్లది. నాకు ఆ ఆట పడలేదు. ఇంకాస్త దిగుతుందేమో అని చూస్తుండగానే ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారు. అందుకని దగ్గరే ఉండి కొనిపెట్టే ఒకాయనకి కమిషన్ ఇస్తున్నాను.

ఈ శ్రావణంలో రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నాను. ఒకటి మళ్లీ ఆ శుక్రవారానికి ముందే. ఆనేకల్ అక్కకి చామంతి అడ్వాన్స్ మొన్ననే ఇచ్చి వచ్చాను. రసీదు లాంటివి ఏమీ ఉండవు. పూల తడికి ఉబ్బిపోయిన నోట్‌బుక్‌లో నా పేరు కన్నడలో రాసుకుంది. నాకు ఆ అక్షరాలు సరిగ్గా చదవడం రాదు, కిలోలూ రూపాయలూ మాత్రం రెండుసార్లు సరిచూసుకున్నాను.